క్యారవాన్ క్లబ్బుకి ఏటా 7,500 కట్టడం దండగా, పనికొచ్చేదా?

బ్రాడీపేట_బండి
ట్రావెలర్ వ్యాన్‌ని క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకునే బండిగా, కట్టించి ఎనిమిది నెలలైంది. పైన 1 టన్ను ఏసీ, 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, 100 లీటర్ల నీళ్ళ ట్యాంకు, క్యాసెట్ టాయిలెట్ (కింద డబ్బాని బయటికి లాగి ఖాళీ చేసేది). మేమిద్దరం, పాప, మా అమ్మ. ఏడాదికి పది పన్నెండు రాత్రులకు మించి బయట పడుకోం. ఎక్కువగా సూర్యలంక, సాగర్, శ్రీశైలం వైపే.

ఒక క్యారవాన్ క్లబ్బు వాళ్ళు చేరమంటున్నారు. ప్రవేశ రుసుం 2,000, ఆపైన ఏటా 7,500. బస చోట్ల 15 శాతం రాయితీ, దారిలో బండి ఆగితే సాయం, ఏడాదికి రెండు కలయికలు, సభ్యులకే ఇచ్చే బస చోట్ల జాబితా, బీమాలో రాయితీ. ఇవీ వాళ్ళు చెప్పేవి. కట్టొచ్చా? లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి.

పటమట_పాంథుడు
రాయితీ సంగతి ముందు తేలుద్దాం. బండి పెట్టుకుని కరెంటు తీసుకుంటే రాత్రికి 1,200 అనుకోండి. అందులో 15 శాతం అంటే 180. 7,500ని 180తో భాగిస్తే 42 రాత్రులు. మొదటి ఏడాది 9,500 కాబట్టి 53. మీవి పన్నెండు. రాయితీ కోసమైతే వద్దు.

తెనాలి_టెంటు
రాయితీ ఒక్కటే చూస్తే ఎట్లా పాంథుడు గారూ. కార్తీకమాసంలో ఆదివారం సూర్యలంక వెళ్ళి చూడండి, బండి తిప్పుకోను కూడా చోటుండదు. ముందే మాట్లాడి పెట్టిన స్థలం, గేటు, రాత్రి కాపలా ఉంటే అది డబ్బుతో కొలిచేది కాదు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కూడా.

పటమట_పాంథుడు
కాదన్లేదు. స్థలం నిజంగా ఉందా లేదా అన్నదే నా ప్రశ్న. జాబితాలో పేరుంటే స్థలం ఉన్నట్టు కాదు.

ఆటోనగర్_ఆంపియర్
స్థలం కంటే ముందు ప్లగ్గు. ఈ ఒక్క విషయం మీదే సభ్యత్వం తేలిపోతది, కొంచెం ఓపికగా చదవండి.

12 అని పిలిచినా మీ లిథియం బ్యాటరీ 12.8 వోల్టులు ఇంటూ 200, అంటే 2,560 వాట్ అవర్లు. 90 శాతం వాడుకుంటే 2,300. ఇన్వర్టర్ తినేది పోను చేతికొచ్చేది 2,050 దాకా. 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రిపూట సగటున 600 వాట్లు లాగిందనుకున్నా మూడున్నర గంటలు లేదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా కావాలంటే 4,800. మే నెలలో మన దగ్గర అర్ధరాత్రి దాటినా రేకు వేడి దిగదు కాబట్టి సగటు ఇంకా పెరుగుద్ది. పైన 400 వాట్ల సోలార్ పెట్టినా రోజంతా కలిపి 1,500 దాటడం కష్టం, పలకలు వేడెక్కితే ఇంకా తగ్గుద్ది. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా మీకు బయటి కరెంటు తప్పదు. అదీ 16 ఆంపియర్లది.

6 ఆంపియర్ల సాకెట్ ఇచ్చి కరెంటు ఉందంటారు చాలా చోట్ల. 6 అంటే 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు. ఏసీ ఒక్కటి నడుస్తది, బ్యాటరీ ఛార్జర్ కలిపితే హద్దు దాటుద్ది, ఇండక్షన్ పెడితే పడిపోద్ది. 16 అయితే 3,680. ఏసీ 1,000, ఛార్జర్ 800, ఇండక్షన్‌ని 1,200 దగ్గర కట్టేస్తే ఇబ్బంది లేదు.

క్లబ్బుని అడగాల్సింది ఇదీ: గుంటూరుకి 300 కిలోమీటర్ల లోపు ఎన్ని చోట్ల 16 ఆంపియర్ల సాకెట్, దాని మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీబీఓ (కరెంటు లీకైనా, లోడు ఎక్కువైనా దానంతటదే ఆపేసే స్విచ్చు), పనిచేసే ఎర్త్ ఉన్నాయి? ఈ మూడూ ఉన్న చోట్ల లెక్క చెప్పమనండి. ఫోటో పంపమనండి.

కృష్ణలంక_కెమెరా
ఎర్త్ ఉందో లేదో మనం అక్కడ ఎట్లా తెలుసుకుంటాం అన్నా?

ఆటోనగర్_ఆంపియర్
మూడు లైట్ల సాకెట్ టెస్టర్ ఒకటి కొనండి. ఫేజు, న్యూట్రల్ తారుమారైనా, ఎర్త్ తెగినా చూపిస్తది. దాంతోపాటు మల్టీమీటర్ పెట్టి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూడండి. ఒకటి రెండు వోల్టులైతే పర్లేదు. ఐదు దాటితే ఆ సాకెట్‌కి బండి తగిలించొద్దు. సముద్రం పక్క తోటల్లో ఎర్త్ గుంట దగ్గర వైరు ఉప్పుగాలికి తినేసి ఉంటది. పైకి బోర్డు కొత్తగా కనపడ్డా లోపల సంబంధం తెగిపోయి ఉంటది. బండి ఒళ్ళంతా ఇనుము, తడి ఇసకలో చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకుంటారు పిల్లలు. ఇది మాత్రం అశ్రద్ధ చెయ్యొద్దు.

వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రబ్బరుది, 25 మీటర్లు. 10 ఆంపియర్లు లాగితే దాంట్లో పోయేది 4 వోల్టుల లోపే. టెంట్ హౌసు వాళ్ళ 1 మిల్లీమీటరు ఎక్స్‌టెన్షన్ అయితే 9 పోతది, వైరూ కాగుద్ది. చుట్టను మొత్తం విప్పి నేల మీద పరవాలి. చుట్టగా ఉంచి ఏసీ నడిపితే మధ్యలో వేడి పోయే దారి లేక తొడుగు కరుగుద్ది. ఊళ్ళల్లో సాయంత్రం వోల్టేజీ 180కి దిగుతుంటది కాబట్టి బండిలో కటాఫ్ పరికరం ఉండాలి, లేకపోతే ఏసీ కంప్రెసర్ పోతది.

బ్రాడీపేట_బండి
ఆంపియర్ గారూ, ఇది చదివాక క్లబ్బు వాళ్ళకి అచ్చం ఇదే ప్రశ్న పంపాను. జవాబు రాగానే పెడతాను.

కాజా_టోల్‌గేటు
దారిలో సాయం సంగతి నేను చెప్తా. మీ బీమాలో రోడ్ సైడ్ అసిస్టెన్స్ అదనపు కవరు ఉందా? ఉంటే క్లబ్బు ఇచ్చేది రెండోసారి కొన్నట్టే. రెంటిలోనూ చూడాల్సింది బరువు హద్దు. చాలా పథకాలు కార్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ట్రావెలర్‌లో ఏసీ, నీళ్ళు, చెక్క సామాను చేరాక 3 టన్నులు దాటుద్ది. అప్పుడు ఫోను చేస్తే పంక్చరుకి, బ్యాటరీకి వస్తారు గానీ లాక్కెళ్ళమంటే మా వల్ల కాదంటారు.

కార్ల ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించినా ఇబ్బందే. మీ బండి పై ఏసీతో కలిపి 3 మీటర్లకు దగ్గర, బెడ్ ఎత్తు ఒక మీటరు. 4 మీటర్లతో కిందికి వేలాడే కరెంటు తీగల కింద, తక్కువ ఎత్తు రైలు వంతెనల కింద పోలేరు. ముందు చక్రాలెత్తి లాగుతారు. ట్రావెలర్‌లో ఇంజను తిప్పేది వెనక చక్రాల్ని, కాబట్టి గేర్‌బాక్సుని వాటికి కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించకుండా దూరం లాగితే గేర్‌బాక్సులో ఆయిల్ తిరగక బేరింగులు కాలిపోతాయి. షాఫ్ట్ విప్పడం నాలుగు బోల్టుల పని, అరగంట పట్టదు. లాగేవాడు తొందరపెడతాడు, ఒప్పుకోవద్దు.

క్లబ్బుని రాతపూర్వకంగా అడగండి: ఎంత బరువు దాకా, ఎన్ని కిలోమీటర్ల దాకా, ఏడాదికి ఎన్నిసార్లు?

ఉండవల్లి_వాణి
బీమా రాయితీ అన్న మాట విని మోసపోకండి. మన మోటారు బీమా నిబంధనల్లో ఐఎంటీ 8 అని ఒక ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి చేర్చే అదనపు షరతు, ఉంది. గుర్తింపు పొందిన ఆటోమొబైల్ అసోసియేషన్ సభ్యుడైతే సొంత నష్టం ప్రీమియంలో 5 శాతం, కారుకి గరిష్ఠంగా 200 రూపాయలు. అంతే. క్యారవాన్ క్లబ్బు అని పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ గుర్తింపు రాదు.

అసలు బీమా విషయంలో చూసుకోవాల్సింది వేరే ఉంది. ఆర్‌సీలో బండి ఏ తరగతిలో ఉంది? సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ అని రవాణా శాఖ రికార్డుల్లో విడి తరగతి ఉంది. లోపల కట్టించి ఆర్‌సీ మాత్రం పాతదే ఉంచేస్తే అనుమతి లేకుండా బండిని మార్చడం గురించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకి వస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మోటారు క్యారవాన్లకు ప్రమాణం ఏఐఎస్-124. ఇవేవీ చూడకుండా వదిలేస్తే క్లెయిము రోజున సర్వేయరు మొదట అడిగేది ఆర్‌సీయే.

బ్రాడీపేట_బండి
ఆర్‌సీ మార్పు అయింది వాణి గారూ. క్యాంపర్ వ్యానే. బీమా వాళ్ళకీ ఉత్తరం ఇచ్చి ఎండార్స్‌మెంట్ తీసుకున్నా.

ఉండవల్లి_వాణి
మంచి పని చేశారు. బండి లోపలి సామాను, అంటే ఫ్రిజ్జు, బ్యాటరీ, ఏసీ, విలువతో సహా విడిగా రాశారో లేదో పాలసీలో ఒకసారి చూసుకోండి. రాయకపోతే అవి కవరు కావు.

కృష్ణలంక_కెమెరా
ఫాస్టాగ్ ఏడాది పాసు ఉంది కదా, 200 ట్రిప్పులు. క్లబ్బు డబ్బులు దాంట్లో పెట్టుకుంటే బెటర్ కాదా?

కాజా_టోల్‌గేటు
ఆ పాసు సొంత వాడకపు కారు, జీపు, వ్యానులకే. 2025 ఆగస్టు 15 నుంచి ఇస్తున్నారు. క్యాంపర్ వ్యాన్ తరగతి ఉన్న బండి నంబరు యాప్‌లో కొట్టి అర్హత ఉందని చూపిస్తేనే డబ్బు కట్టండి. ఇంకో సంగతి, జాతీయ రహదారుల టోలు ప్లాజాల దగ్గరే చెల్లుద్ది. కాజా, పొట్టిపాడు, కీసర ఎక్కువగా దాటేవాళ్ళకి పనికొస్తది. ఏడాదికి పది ట్రిప్పులోళ్ళకి అక్కర్లేదు.

కొల్లిపర_టు_లీడ్స్
ఇంగ్లండులో క్లబ్బులకి ఎందుకంత విలువో తెలిస్తే ఇక్కడ ఎందుకు లేదో అర్థమవుద్ది. అక్కడ రెండు పెద్ద క్లబ్బులు. క్యాంపింగ్ అండ్ క్యారవానింగ్ క్లబ్ 1901 నాటిది, క్యారవాన్ క్లబ్ 1907 నాటిది. ఈ రెండోది 2017లో పేరుకి మోటార్‌హోమ్ కూడా చేర్చుకుంది.

అసలు కిటుకు 1960 నాటి క్యారవాన్ సైట్ల చట్టంలో ఉంది. మామూలుగా పొలంలో క్యారవాన్లు పెట్టించి డబ్బు తీసుకోవాలంటే సైటు లైసెన్సు కావాలి. మినహాయింపు పొందిన ఈ క్లబ్బుల్లాంటి సంస్థ సర్టిఫికెట్ ఇస్తే మాత్రం ఐదు బండ్ల దాకా ఆ లైసెన్సు లేకుండా పెట్టుకోవచ్చు. అందుకే రైతులు క్లబ్బు దగ్గరికి వస్తారు. ఆ ఐదు బండ్ల పొలాలు సభ్యులకే. వాటిని సర్టిఫికేటెడ్ లొకేషన్లు అంటారు. చిన్నవి, నిశ్శబ్దంగా ఉంటాయి, పెద్ద సైట్ల కంటే చవక. కార్డు లేకపోతే లోపలికి రానివ్వరు. క్లబ్బు సొంత పెద్ద సైట్లలో సభ్యులు కానివాళ్ళని రానిస్తారు గానీ రాత్రికి అదనంగా తీసుకుంటారు.

అంటే అక్కడ కార్డు గేటు తెరుస్తది. చట్టమే ఆ తాళం క్లబ్బు చేతికిచ్చింది. ఇక్కడ అట్లాంటి చట్టం లేదు. ఏ రిసార్టువాడైనా ఏ బండినైనా పెట్టుకోనివ్వొచ్చు. కార్డు చూపిస్తే తెరుచుకునే గేటు ఏదీ ఇక్కడ లేదు. కాబట్టి క్లబ్బు తన చేత్తో చేసి పెట్టిన పనికే మనం డబ్బు ఇవ్వాలి. మాట్లాడి పెట్టిన చోటు, వేయించిన ప్లగ్గు, తిరిగి చూసి రాసిన జాబితా. అవి ఉంటే 7,500 ఎక్కువ కాదు, లేకపోతే 500 కూడా ఎక్కువే.

తెనాలి_టెంటు
ఇది బాగా చెప్పారు. నేను చోటు చోటు అని మొత్తుకుంటున్నది కూడా ఇదే.

పటమట_పాంథుడు
కేరళలో 2021లో క్యారవాన్ టూరిజం విధానం తెచ్చారు, పార్కులకి నిబంధనలు రాశారు, వాగమన్‌లో పార్కు వచ్చింది. అలా ప్రభుత్వమే ప్లగ్గు, నీళ్ళు, మురుగు ఉండాలని రాస్తే క్లబ్బు పని సగం తగ్గుద్ది.

అమరావతి_అక్క
లీడ్స్ బాబూ, ఎండాకాలం పిల్లల దగ్గరికి ఇంగ్లండు వెళ్ళేవాళ్ళు మా వైపు చాలామంది. రెండు వారాలు మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుంటే అక్కడి సభ్యత్వం లాభమా?

కొల్లిపర_టు_లీడ్స్
అక్కా, ముందు మీరు వెళ్ళే తేదీలకి రెండు మూడు సైట్ల రేటు సభ్యులకెంత, కానివాళ్ళకెంత అని పక్కపక్కన పెట్టి చూడండి. తేడాని రాత్రుల లెక్కతో గుణిస్తే తేలిపోద్ది. క్లబ్బు సైట్లలోనే వారం పది రోజులుంటే కట్టడం మేలు. సగం రాత్రులు ప్రైవేటు సైట్లలో అయితే వద్దు. ఒక సభ్యత్వం మీద ఒక బండికి చోటు, మనిషి మనిషికీ కార్డు కొనక్కర్లేదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు మన లైసెన్సు మీద 12 నెలల దాకా అక్కడ తోలొచ్చు. బండి 3,500 కిలోలు దాటకూడదు. అద్దె కంపెనీలు వయసు హద్దు పెడతాయి, బుక్ చేసేముందే అడగండి. ప్లగ్గు అక్కడంతా నీలం రంగు గుండ్రటి 16 ఆంపియర్లదే, వైరు బండితోపాటే ఇస్తారు.

అమరావతి_అక్క
తేదీలు పెట్టి చూస్తాను. బాబు వాళ్ళింట్లో గోంగూర అయిపోయిందట, సీసాలు పెట్టుకోను బండిలో అర ఉంటే చాలు నాకు.

మంగళగిరి_మరమగ్గం
ఎవరూ ఎత్తనిది ఒకటుంది. క్యాసెట్ ఎక్కడ ఖాళీ చేస్తారు?

20 లీటర్ల క్యాసెట్ నలుగురికి ఒకటిన్నర రోజు. రెండో రోజు మధ్యాహ్నానికి నిండుద్ది. హోటలువాళ్ళు బండి పెట్టుకోనిస్తారు గానీ బకెట్టులాంటిది పట్టుకుని వాళ్ళ టాయిలెట్‌కి పోతామంటే ఒప్పుకోరు. చూస్తూ చూస్తూ కాలవలో పోసేవాళ్ళున్నారు. బందరు కాలవ, ఏలూరు కాలవ కింద ఊళ్ళు ఆ నీళ్ళే చెరువులకి పెట్టుకుని తాగుతాయి. ఆ పని ఎవరూ చెయ్యొద్దు.

ఫార్మాలిన్ ఉన్న నీలం మందు వేసింది సెప్టిక్ ట్యాంకులో పోస్తే అక్కడ కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, ఆ ఇంటాయన ట్యాంకు పొంగుద్ది. రెండోసారి రానివ్వడు. ఎంజైముల మందు వాడండి, లేదా వట్టి నీళ్ళు పోసి రోజూ ఖాళీ చెయ్యండి. క్లబ్బు జాబితాలో ప్రతి చోటు పక్కనా క్యాసెట్ ఖాళీ చేసే వీలుందా లేదా అని రాసి ఉండాలి. రాయకపోతే ఆ జాబితా కట్టినవాళ్ళు ఎప్పుడూ బండిలో పడుకోనట్టే లెక్క.

కృష్ణలంక_కెమెరా
నీళ్ళ లెక్క కూడా చెప్పండి మగ్గం గారూ.

మంగళగిరి_మరమగ్గం
బండిలోనే స్నానాలైతే మనిషికి రోజుకి 20 లీటర్లు. నలుగురికి 80. 100 లీటర్ల ట్యాంకు ఒక రోజు. చోటు ఇచ్చినవాళ్ళ స్నానాలగది వాడుకుంటే మనిషికి 8 చాలు, ట్యాంకు మూడు రోజులొస్తది. 100 లీటర్లంటే 100 కిలోలు. ట్యాంకు నింపి, సామానంతా ఎక్కించి, మనుషులు కూర్చుని ఒకసారి కాటా వేయించండి, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా. ట్యాంకు వెనక ఇరుసు దాటి వెనక్కి పెట్టిన బండ్లలో ముందు తేలికైపోయి ఘాటు రోడ్డులో స్టీరింగ్ వదులుగా తిరుగుద్ది.

ఆటోనగర్_ఆంపియర్
ఇది నిజం. మొత్తం బరువు హద్దులోనే ఉండి వెనక ఇరుసు ఒక్కటే దాటిన బండ్లు ఉంటాయి. వెనక టైర్ల గాలి దానికి తగ్గట్టు పెట్టకపోతే ఎండలో పక్కగోడ పగులుద్ది.

బ్రాడీపేట_బండి
క్లబ్బు నుంచి జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు పెడుతున్నా.

దేశం మొత్తం 64 చోట్లు. గుంటూరుకి 300 కిలోమీటర్ల లోపు 5. అందులో 16 ఆంపియర్ల సాకెట్ ఉన్నవి 2. ఆర్‌సీబీఓ గురించి మా దగ్గర సమాచారం లేదన్నారు. క్యాసెట్ సంగతి ఆయా యజమానులతో మాట్లాడుకోమన్నారు. దారిలో సాయం 2,500 కిలోల లోపు బండ్లకే. బీమా రాయితీ తెలిసిన ఏజెంటు ద్వారా అన్నారు. ఏడాది మధ్యలో మానేస్తే డబ్బు తిరిగివ్వరు.

కాజా_టోల్‌గేటు
2,500 అంటే మీ బండికి సాయం లేనట్టే. ఆ లైను కొట్టేయండి.

పటమట_పాంథుడు
మిగిలింది రెండు చోట్లు, రెండు కలయికలు. కలయికలకి విడిగా డబ్బు కట్టాలేమో కూడా చూడండి.

తెనాలి_టెంటు
ఆ రెండు చోట్లూ ఎక్కడున్నాయి? మీరు వెళ్ళే దారిలోనే ఉంటే నా మాట మీద ఇంకా నిలబడతా. శ్రీశైలం అడవి దారిలో రాత్రి 9 గంటలకి దోర్నాల చెక్‌పోస్టు మూసేస్తారు, పొద్దున 6కి తీస్తారు. గుంటూరు నుంచి వినుకొండ మీదుగా ఆలస్యంగా బయలుదేరినవాళ్ళకి దోర్నాల ముందు భద్రమైన చోటు దొరకడమంటే చాలా పెద్ద విషయం. శివరాత్రికి అయితే చెప్పనే అక్కర్లేదు.

బ్రాడీపేట_బండి
ఒకటి శ్రీశైలం దారిలో కాదండీ, కడప వైపు. రెండోది బాపట్ల దగ్గర తోట.

తెనాలి_టెంటు
బాపట్ల తోట ఒక్కటే అయితే ఆ తోటాయనకి నేరుగా ఫోను చెయ్యండి. నేను చెప్పింది మంచి చోట్లున్న క్లబ్బు గురించి. ఇందులో అది లేదు, ఒప్పుకుంటున్నా. పెద్దావిడతో వెళ్ళేటప్పుడు ముందే ఖాయం చేసుకున్న చోటు ఉండాలన్నది మాత్రం మార్చుకోను.

ఉండవల్లి_వాణి
హరిత హోటళ్ళు కూడా మర్చిపోకండి. ఒక గది తీసుకుని ఆవరణలో బండి పెట్టుకుంటామని మేనేజరు గారిని ముందే అడిగితే, అమ్మగారికి గది, స్నానాలగది దొరుకుతాయి, మిగతా ముగ్గురూ బండిలో. ఆవరణలో వైరు తగిలించుకోవచ్చా, దానికి విడిగా ఎంత అన్నది కూడా ఫోనులోనే తేల్చుకోండి. పండగ రోజులు కాకుండా మామూలు రోజుల్లో అడిగితే ఒప్పుకునే వీలు ఎక్కువ.

నూజివీడు_నీడ
నాలుగైదు బండ్లవాళ్ళు కలిస్తే ఒక తోటాయనతో ఏడాదికి మాట్లాడుకోవచ్చు కదా. మా వైపు మామిడి తోటల్లో నీడకి లోటు లేదు. క్లబ్బుకి పోసే డబ్బుతో నాలుగు సాకెట్లు వేయించవచ్చు.

ఆటోనగర్_ఆంపియర్
నీడ గారూ, ఆలోచన బాగుంది, ఒక్క జాగ్రత్త. తోటలో ఉండేది వ్యవసాయ మోటారు కనెక్షన్. అది పంటకి ఉచితంగా ఇచ్చేది, అదీ పగటిపూట 9 గంటలు. దాంతో బండి ఏసీ నడపకూడదు. ఇచ్చినదానికి కాక వేరేదానికి వాడితే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద తోటాయన మీద పడుద్ది. మన సరదాకి ఆయన్ని ఇరికించొద్దు. తోటలో ఇల్లుంటే ఆ ఇంటి మీటరు నుంచి తీయొచ్చు. డబ్బు తీసుకుని బండ్లకి కరెంటు ఇస్తున్నప్పుడు వాణిజ్య కేటగిరీ కనెక్షనే సరైనది.

నాలుగు బండ్లకి ఎట్లా వెయ్యాలో చెప్తా. ఒక్కో బండికి 16 ఆంపియర్ల ఆర్‌సీబీఓ విడివిడిగా. ఒకటే పెద్దది పెడితే ఒకరి గీజరులో కరెంటు లీకైతే నలుగురికీ రాత్రి కరెంటు పోద్ది. బోర్డు వాన పడని డబ్బాలో, నేలకి ఒక మీటరు ఎత్తున. మీటరు నుంచి బోర్డు దాకా భూమిలో ఆర్మర్డ్ కేబుల్. దూరం 40 మీటర్ల లోపు, నాలుగు ఏసీలు ఒకేసారి నడవాలంటే రాగిది 6 చదరపు మిల్లీమీటర్లు తగ్గొద్దు. పక్కనే కొత్త ఎర్త్ గుంట, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలం వారానికోసారి నీళ్ళు పోయాలి. ఒక ఫేజు కనెక్షను 5 కిలోవాట్లయితే నాలుగు ఏసీలకి సరిపోద్ది, నాలుగు ఇండక్షన్లకి సరిపోదు. వంట వంతులేసుకోండి.

నూజివీడు_నీడ
ఇంటి మీటరు ఉన్న తోటే ఉంది. మామిడి కాపు మీద ఉన్నప్పుడు, అంటే ఏప్రిల్, మేలో మాత్రం లోపలికి బండ్లు రానివ్వరు, కోత లారీలు తిరుగుతుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అడగొచ్చు. ఆ నెలల్లో ఏసీ అవసరమూ తక్కువే.

మంగళగిరి_మరమగ్గం
సెప్టిక్ ట్యాంకు మూత దగ్గర క్యాసెట్ పోసుకునే గొట్టం ఒకటి పెట్టించండి. నాలుగు అంగుళాల పైపు, మూత, పక్కన కడుక్కోను కొళాయి. గిన్నెలు కడిగిన నీళ్ళు మామిడి పాదుల్లో నేరుగా పోయకుండా జల్లెడ పెట్టి వేరే గుంటలోకి.

బ్రాడీపేట_బండి
ఈ ఏడాదికి సభ్యత్వం తీసుకోవడం లేదు. క్లబ్బు వాళ్ళకి మర్యాదగానే రాశాను: శ్రీశైలం దారిలో, సాగర్ దగ్గర 16 ఆంపియర్ల చోట్లు పెట్టి, సాయం బరువు 4 టన్నులకి పెంచిన రోజున 7,500 సంతోషంగా కడతానని.

బాపట్ల తోటాయనతో మాట్లాడాను. నవంబరు రెండో వారంలో మూడు బండ్లకి చోటిస్తామన్నారు. 16 ఆంపియర్లది ఒకటే ఉంది, మిగతావి 6. రాత్రికి బండికి 900. ఇంకా రెండు బండ్లకి ఖాళీ ఉంది, ఎవరొస్తారు?

తెనాలి_టెంటు
ఒకటి నాకు రాయండి. 16 మీరే తీసుకోండి, అమ్మగారున్నారు. నవంబరులో నాకు ఫ్యాను చాలు.

కృష్ణలంక_కెమెరా
రెండోది నాకు. వైరు 15 మీటర్లే ఉంది, సరిపోద్దా?

ఆటోనగర్_ఆంపియర్
తుపాను రోజులు, బండి పల్లంలో పెట్టకూడదు, మెరక మీదే పెట్టుకోవాలంటే సాకెట్ దూరమవుద్ది. 25 మీటర్లది తీసుకెళ్ళు. మధ్యలో అతుకు వెయ్యొద్దు, తడి గడ్డిలో ఆ అతుకే ప్రమాదం. వెళ్ళగానే ముగ్గురూ ముందు టెస్టర్ పెట్టి చూసి, ఆ ఫోటో ఇక్కడ పెట్టండి.